లయన్ డ్యాన్స్ నేర్చుకోవాలంటే ముందు సింహం తల కొనాలా?

ముందుగా ప్రశ్న ఏమిటో చెప్పేస్తాను. అడిగినాయన విజయవాడ నుంచి కౌలాలంపూర్‌కి ఉద్యోగం మీద వచ్చి ఏడాదిన్నర అయిందట. ఈసారి చైనీస్ న్యూ ఇయర్‌కి ఆఫీసు కింద లయన్ డ్యాన్స్ చూశారు, అంటే ఇద్దరు మనుషులు ఒకే సింహం వేషంలో దూరి డ్రమ్ మోతతో ఆడే చైనీస్ ఆట. మనసు దానిమీదే ఉండిపోయింది. నలుగురు స్నేహితులు డబ్బులేసుకుని ఆన్‌లైన్‌లో ఒక సింహం తల కొని, యూట్యూబ్ చూస్తూ తాముండే కాండో (అపార్ట్‌మెంట్) పార్కింగ్‌లో ప్రాక్టీస్ చేద్దామనుకుంటున్నారు. చైనీస్ కానివాళ్ళని ట్రూపుల్లోకి రానిస్తారా, వీడియోలు, డ్రమ్ నోట్స్ లాంటివి ఎవరి దగ్గర దొరుకుతాయి, ఎలాంటి బూట్లు వేసుకోవాలి, ఇండియాకి తిరిగి వెళ్ళిపోతే ఎలా, ఇవీ మిగతా ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. తల కొనకండి. ట్రూపులో చేరండి, రానిస్తారు. మొదటి ఆరు నెలలు మీ చేతికి సింహం రాదు, డ్రమ్ కర్రలో తాళాలో వస్తాయి, అది మంచిదే. వీడియోలు, నోట్స్ మీరు అనుకున్నదానికంటే సులువుగా దొరుకుతాయి, కానీ ట్రూపులో చేరకముందే వాటితో మొదలుపెడితే ఎందుకూ పనికిరావు. బూట్ల సంగతి చివర్లో చెప్తాను, దాని వెనక ఒక కథ ఉంది.

నాది సామర్లకోట దగ్గర. కౌలాలంపూర్ దగ్గర క్లాంగ్ ఊరి వైపు ఒక ట్రూపులో తొమ్మిదేళ్ళు తోక పట్టాను, అంటే సింహంలో వెనక ఉండేవాడిని. తర్వాత నడుం మొరాయిస్తే డ్రమ్ వైపు జరిగాను. కాబట్టి నేను చెప్పేదంతా వెనకనుంచి చూసినవాడి మాటే. తల ఆడించేవాళ్ళని అడిగితే ఇంకోలా చెప్తారు, అదీ నిజమే అయి ఉండొచ్చు.

తల ఎందుకు కొనొద్దన్నానంటే, డబ్బు దండగ అనేది అసలు కారణం కాదు. తల చేతిలో ఉంటే నలుగురూ తల కోసమే కొట్టుకుంటారు. అందరికీ కళ్ళు ఆర్పాలని, నోరు తెరవాలని, చెవులు ఊపాలని ఉంటుంది. తోక ఎవరూ పట్టరు. నెలరోజులకి ఒకడికి భుజం పట్టేస్తుంది, రెండో నెలకి తల వెళ్ళి వార్డ్‌రోబ్ పైన కూర్చుంటుంది. ఇలాంటి తలలు నేను కనీసం మూడు చూశాను, ఒకటి మా ట్రూపుకే చవగ్గా వచ్చింది, లోపల బూజు వాసన.

రెండో కారణం, ఏ తల కొంటున్నారో మీకే తెలియదు. మలేషియాలో మీరు చూసేది ఎక్కువగా దక్షిణ సింహం, దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వలస వచ్చినవాళ్ళతో పాటు వచ్చింది. ఉత్తర సింహం వేరు, ఒళ్ళంతా పొడుగాటి జూలుతో పెకింగీస్ కుక్కలా ఉంటుంది, ఎక్కువగా జంటగా ఆడతారు. దక్షిణ సింహంలోనూ ఫోషాన్ తల ఒకటి, హెషాన్ తల ఒకటి, రెండూ అక్కడి ఊళ్ళ పేర్లే. ఇక్కడ కాంటనీస్‌లో, అంటే ఆ వైపువాళ్ళ చైనీస్ భాషలో, ఫత్‌సాన్, హోక్‌సాన్ అంటారు. ఫత్‌సాన్‌ది గంభీరంగా, గడ్డం పొడుగ్గా ఉంటుంది, అడుగుల్లో కుంగ్‌ఫూ ఎక్కువ. హోక్‌సాన్ నోరు బాతు ముక్కులా వంపు తిరిగి ఉంటుంది, నడక పిల్లిలా. స్టేజీ మీద, స్తంభాల మీద గంతులు వేసేవాళ్ళకి తేలికైన తల కావాలి, బజారులో ఇప్పుడు ఎక్కువ ఆ రకమే. ఇక రంగులు. తెల్ల గడ్డంతో పసుపో రంగురంగులదో అయితే అది లియూ బెయి, ఎరుపు నలుపు గువాన్ యూ, నలుపైతే జాంగ్ ఫెయి. త్రీ కింగ్‌డమ్స్ కథల్లో అన్నదమ్ములుగా ప్రమాణం చేసుకున్న ముగ్గురు వీరులు వీళ్ళు. నల్ల తల అంటే పాతకాలంలో కయ్యానికి కాలు దువ్వే సింహం. ఫొటోలో బాగుందని నలుపు కొనుక్కుని ఎవరి గుడి ముందో ఎగిరారనుకోండి, ఇప్పుడు ఎవరూ కొట్టరు గానీ పెద్దాయన ఒకాయన నవ్వుకుంటాడు.

కొత్త తలకి కళ్ళు దిద్దే తంతు కూడా ఉంటుంది. కుంచెతో కళ్ళకీ మిగతా భాగాలకీ ఎర్ర సింధూరం అద్ది, కొమ్ముకి ఎర్ర గుడ్డ కడతారు. అది అయ్యేదాకా సింహం నిద్రలో ఉన్నట్టే లెక్క. తల మీంచి దాటకూడదు, డ్రమ్ మీద కూర్చోకూడదు. మన ఆయుధ పూజ తెలిసినవాళ్ళకి ఇవన్నీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రానిస్తారా అన్న సంగతి. మలేషియా ట్రూపుల్లో మలయ్ కుర్రాళ్ళు, తమిళ కుర్రాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. నేను చేరేనాటికి మా డ్రమ్ వాయించేది ఒక తమిళ అబ్బాయి, వాడి కాంటనీస్ నా తెలుగు కంటే స్పీడు. అమ్మాయిలున్న ట్రూపులూ ఉన్నాయి. వెళ్ళాల్సిన చోట్లు చైనీస్ సంఘాల హాళ్ళు, గుళ్ళ ఆవరణలు, చైనీస్ స్కూళ్ళు. సాయంత్రం ఏడెనిమిదింటికి ఎక్కడ తాళాల మోత వినిపిస్తే అటు నడవండి, అంతకంటే మంచి అడ్రస్ లేదు. వెళ్ళి పెద్దాయన్ని "సీఫూ" (గురువుగారూ) అని పలకరించి, నేర్చుకోవాలని ఉంది, తాళాలైనా పట్టుకుంటా అనండి. డ్యాన్స్ నేర్పండి అని మొదలుపెట్టకండి, ఆ మాట ప్రతి జనవరిలో యాభై మంది అంటారు, మార్చిలో ఒక్కడూ కనిపించడు.

ఎప్పుడు వెళ్ళాలన్నది చాలా ముఖ్యం. న్యూ ఇయర్ జనవరి 21 - ఫిబ్రవరి 20 మధ్య ఎప్పుడో పడుతుంది. దానికి ముందు రెండు నెలలు ట్రూపులో ఎవరికీ ఊపిరాడదు, కొత్తవాడి మొహం చూసే తీరిక ఉండదు. పండగ పదిహేనో రోజు, చాప్ గో మే అయ్యాక వెళ్ళండి. అప్పుడు సామాన్లు రిపేరు చేస్తుంటారు, చేతులు కావాలి. నేను చేరింది అలాగే. మొదటి రోజు నాకిచ్చిన పని, చిరిగిన సింహానికి మైదాజిగురుతో కాగితం ముక్కలు అంటించడం. వెదురు బద్దల చట్రం, దానిమీద పల్చటి గుడ్డ, కాగితం, ఆపైన రంగు. వినాయకుడి పందిరికి వెదురు కట్టిన చేతులు కదా, కట్లు నాకు తెలుసు, అక్కడే కొంచెం మార్కులు పడ్డాయి. ఈ మధ్య అల్యూమినియం చట్రాలూ వస్తున్నాయి, తేలికే గానీ వంగితే మళ్ళీ పాత ఆకారానికి రావు.

సింహం లేకుండా ఆరు నెలలు ఏం చేస్తారని అడుగుతారు. గుర్రపు భంగిమ, ఇక్కడ మా బు అంటారు. కాళ్ళు దూరం పెట్టి, తొడలు దాదాపు నేలకి సమంగా వచ్చేదాకా కూర్చున్నట్టు నిలబడాలి. మొదటి రోజు నేను నలభై సెకన్లున్నాను, అందులోనూ చివరి పది దొంగతనమే. నాలుగు నెలలకి మూడు నిమిషాలు వచ్చింది. ఇది కుంగ్‌ఫూ గొప్ప కోసం కాదు. తోక పట్టేవాడు నడుం వంచి, తల ముందువాడి వీపు దగ్గర పెట్టి, రెండు చేతులతో వాడి బెల్టు పట్టుకుని ఆ ఎత్తులోనే పది నిమిషాలు తిరగాలి. లేచాడా, సింహానికి వీపు మీద గూని వస్తుంది. వెనకవాడికి కనిపించేది ముందువాడి మడమలు, కొంచెం నేల, అంతే. ముందువాడు నోట్లోంచి ప్రపంచాన్ని చూస్తాడు, నేను తొమ్మిదేళ్ళు మడమలు చూశాను.

ఎత్తడం గురించి ఇంట్లో ప్రయోగాలు చేయకండి. ముందువాడు ఎగిరి వెనకవాడి తొడల మీద నిలబడతాడు, సింహం రెండు కాళ్ళ మీద లేచినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి వెనకవాడి చేతుల బలం అనిపిస్తుంది, కాదు. ముందువాడు తన గెంతు తనే గెంతాలి, వెనకవాడు పైకి వెళ్తున్నదాన్ని దారిలో పెట్టడమే. మా ట్రూపులో ముందువాడు "హేయ్" అంటాడు, అంటే లే అని. ఆ మాట చెవిన పడ్డాక కదిలితే అప్పటికే ఆలస్యం. వాడు ఊపిరి తీసుకోవడం బెల్టులోంచి నా వేళ్ళకి తెలుస్తుంది, అప్పుడు మొదలుపెట్టాలి. ఇది ఏ వీడియోలోనూ దొరకదు, ఒకే మనిషితో నెలల తరబడి చేస్తేనే వస్తుంది. అందుకే జోడీ మారిస్తే మంచి ఆటగాళ్ళు కూడా మొదటి వారం తడబడతారు.

ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోవాలనుంటే ఇవి చేయండి: ఉతికే బట్టలు వేసే ప్లాస్టిక్ బుట్ట ఒకటి తీసుకుని అడ్డంగా ఒక కర్ర కట్టి, అందులో రెండు కిలోల బియ్యం సంచి పెట్టి, చేతులు ముందుకి చాపి ఎనిమిది అంకెలా తిప్పుతూ ఉండండి. ఇప్పటి తలలు ఎక్కువగా రెండు మూడు కిలోల మధ్య ఉంటాయి, పాతవి ఇంకా బరువు. అద్దం ముందు చేస్తే బుట్ట ఆశ్చర్యపోతోందా, అనుమానపడుతోందా అన్నది కనిపిస్తుంది. నవ్వకండి, అసలు ఆట అదే. సంతోషం, కోపం, దుఃఖం, ఉల్లాసం, కదలిక, నిశ్చలం, భయం, అనుమానం, ఈ ఎనిమిదీ తల వంపులో చూపించాలంటారు. మనకి నవరసాలు కదా, ఒకటి తక్కువ, సర్దుకోవచ్చు.

డ్రమ్ గురించి. చాలామంది సంగీతానికి సింహం ఆడుతుందనుకుంటారు. అది తిరగేసి అనుకోండి. డ్రమ్మరు సింహాన్ని చూస్తూ వాయిస్తాడు, గంటా తాళాలూ డ్రమ్మరుని చూస్తాయి. సింహం తల ఎత్తిందంటే కర్రలు గబగబా దొర్లాలి, కళ్ళు ఆర్పితే అంచు మీద టకటక, నిద్రలోకి జారితే మోత సన్నబడుతూ పోవాలి. అందుకే కొత్తవాళ్ళని ముందు వాయిద్యాల వైపు కూర్చోబెడతారు, ఆరు నెలలు సింహాన్నే చూస్తూ కూర్చుంటే అడుగులన్నీ కళ్ళలోకి ఎక్కేస్తాయి. ఇంట్లో డ్రమ్ అక్కర్లేదు, పాత కారు టైరు చాలు. కాండోలో టైరు కూడా వద్దు, కింద ఇంటివాళ్ళు పైకి వస్తారు. దిండు మీద కొట్టుకోండి, దిండు కర్రని వెనక్కి తన్నదు కాబట్టి మణికట్టుకి ఇంకా మంచిది.

ఇక్కడే మీరడిగిన వీడియోలు, నోట్స్ పంచుకునే సంగతి వస్తుంది. డ్రమ్ దరువులు చాలా ట్రూపుల్లో నోటిమాటగానే నడుస్తాయి, నాకు చైనీస్ అక్షరాలు రావు. నేను నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకునేవాడిని. తోలు మధ్యలో కొడితే "డొం", అంచు మీద "తక్", కర్రకి కర్ర తగిలితే "టిక్", దొర్లితే "ర్ర్ర్" అని పొడుగ్గా గీత. చిన్నప్పుడు మా వీధిలో డప్పు దరువులు నోటితో పలికేవాళ్ళం కదా, అదే పద్ధతి. మొదట్లో మావాళ్ళు ఆ జిలేబీ అక్షరాలు చూసి నవ్వారు. ఏడాది తర్వాత మా డ్రమ్మరు ఊరెళ్ళినప్పుడు, ఫలానా చోట ఎన్ని దెబ్బలన్న గొడవ వస్తే నా పుస్తకమే తెరిచారు. తర్వాత దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి, పక్కన నా ఫోన్‌లో రికార్డు చేసిన శబ్దం పెట్టి, రెండు మూడు ట్రూపుల కొత్తవాళ్ళకి పంపాను. ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది, ఎవరో నాకే పంపించారు ఒకసారి.

పంచుకోదగ్గవి, నా లెక్కలో, దరువుల నోట్స్, రిపేరు ఫొటోలు (కంటిరెప్ప తాడు ఎక్కడ ముడివేయాలి, స్ప్రింగు మీద బొచ్చు బంతి ఊడితే ఏం చేయాలి), విడి సామాన్లు కొన్న చోట్లు, దెబ్బ తగిలితే ఏ వ్యాయామం పనిచేసింది అన్నవి. పంచుకోకూడనిది ఒకటే, వేరే ట్రూపు పోటీకి తయారుచేసుకుంటున్న రొటీన్. ప్రాక్టీస్ చూడ్డానికి వెళ్ళి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టడం మన అలవాటు, ముందు అడగండి. కౌలాలంపూర్ దగ్గరి గెంటింగ్ కొండమీద ప్రపంచ స్థాయి పోటీలు 1994 నుంచి జరుగుతున్నాయి, జోహోర్‌లోని మువార్ పట్టణం ట్రూపు అక్కడ ఎన్నోసార్లు గెలిచింది. ఒక కొత్త గెంతు కోసం వాళ్ళు పెట్టే శ్రమ చూస్తే, అది పోటీకి ముందే బయటికొస్తే ఎంత మండుతుందో అర్థమవుతుంది. పోటీ అయిపోయాక మాత్రం ఎవరూ దాచుకోరు, అడిగితే అడుగు అడుగూ చేసి చూపిస్తారు.

ఆ స్తంభాలు, అదే జోంగ్, మీరు వీడియోల్లో చూసి ఉంటారు. మనిషిని మించిన ఎత్తులో, అడుగు వెడల్పుకి కొంచెం పైన ఉండే గుండ్రని పళ్ళెం మీంచి ఇంకో పళ్ళెం మీదకి ఇద్దరూ ఒక్కసారే దూకాలి. మీకిప్పుడు దాని ఊసే వద్దు. దాన్ని నేర్చుకునేవాళ్ళు కూడా మొదట నేల మీద సుద్దతో అంతంత వలయాలు గీసుకుని, అంతంత దూరంలో నెలల తరబడి గెంతుతారు. తర్వాత బల్ల ఎత్తు, ఆపైన ఇంకొంచెం. నేను బల్ల దగ్గరే ఆగిపోయాను, నాకు ఆ దిగులూ లేదు.

సెకండ్ హ్యాండ్ తల ఎప్పుడైనా ట్రూపు తరఫున కొనాల్సి వస్తే ముందు వాసన చూడండి, తర్వాతే రంగు. ఇక్కడి ఉక్కపోతకి చెమట పట్టిన తలని సంచిలో కట్టి పెడితే వారంలో బూజు. లోపల అడ్డకర్ర వదులైందా, కళ్ళు రెండూ ఒకేసారి మూస్తున్నాయా, కింది దవడ తాడు కొత్తదా చూడండి. ఇంటికొచ్చాక పైకప్పుకి వేలాడదీయండి, నేల మీద పెట్టొద్దు.

ఇండియాకి తిరిగి వెళ్ళిపోతే ఎలా అని కూడా అడిగారు. కోల్‌కతాలో టాంగ్రా, తిరెట్టా బజార్ వైపు చైనీస్ కుటుంబాలున్నాయి, న్యూ ఇయర్‌కి అక్కడ సింహాలు వీధుల్లోకి వస్తాయి. విజయవాడలో మటుకు మీకు జోడీ దొరకడం కష్టం. ఉన్నన్నాళ్ళు ఇక్కడే నేర్చుకోండి.

మొదటి సీజన్‌లో మీరు చూడబోయే పని ఒకటి చెప్తాను, వీడియోల్లో ఇది బయటినుంచి మాత్రమే కనిపిస్తుంది. చోయ్ చెంగ్ అంటే సింహం ఆకుకూర తినడం. లెట్యూస్‌ని ఇక్కడ సాంగ్‌చోయ్ అంటారు, డబ్బు పుట్టడం అనే మాటలా వినిపిస్తుంది, అందుకే అదే పెడతారు. దాని పక్కన ఆంగ్‌పావ్ (డబ్బు పెట్టిన ఎర్ర కవరు), పళ్ళెంలో నారింజలు, పొమెలో (పంపరపనస). సింహం ముందు అనుమానంగా వాసన చూస్తుంది, వెనక్కి గెంతుతుంది, మళ్ళీ వస్తుంది. తర్వాత నేల మీద పడుకుని "తింటుంది". బయట డ్రమ్ మోగుతుంటే లోపల ఉక్కపోతలో, చీకట్లో మేమిద్దరం నారింజలు వలిచి, తొనలతో పళ్ళెం మీద అంకెలు పేరుస్తూ ఉంటాం. ఆ అంకెలు అదృష్టమని చాలామంది ఇళ్ళవాళ్ళు నాలుగంకెల లాటరీకి కొంటారు. నా మొదటి ఏడాది నేను 8618 అని పేర్చాను, మావైపు తిప్పి. సింహం లేచేసరికి ఇంటాయనకి అది 8198. ఏది అసలు అని ఆయనా ఆయన భార్యా డ్రమ్ ఆగేదాకా వాదించుకుని చివరికి రెండూ కొన్నారు. రెండూ రాలేదు. పళ్ళెం ఇంటివాళ్ళ వైపు తిప్పి పేర్చండి.

ఇక బూట్లు. ఖరీదైనవి వద్దు. పల్చటి రబ్బరు అడుగు ఉన్న కాన్వాస్ బూట్లు, బొటనవేలు నేలని తాకుతున్నట్టు తెలియాలి. దానిమీద సింహం పాదం తొడుగు వస్తుంది, దాని ఎలాస్టిక్ వదులైతే వెంటనే మార్పించండి. రన్నింగ్ షూస్ మందం వల్ల మడమ తిరుగుతుంది, ముందువాడు మీ తొడ మీద ఉన్నప్పుడు మడమ తిరగడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

కథ ఏమిటంటే, నా రెండో ఏడాది ఒక షాపింగ్ మాల్ లాబీలో ఆడుతున్నాం. నున్నటి గ్రానైట్. సింహం ఆకు తిని జనం మీదకి విసిరేసింది, అదే శుభం, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత లేచి నిలబడే ఘట్టం. "హేయ్" వినిపించింది, నేను కుడికాలు సర్దుకున్నాను, ఆ కాలి కింద ఒక లెట్యూస్ ఆకు ఉంది. నేను కూర్చున్నచోటే కూలబడ్డాను, నా జోడీ తలతో సహా పక్కకి పడ్డాడు, మణికట్టు విరిగింది. ఆ సీజన్ అంతా వాడు కట్టుతో పక్కన నిలబడి తాళాలు ఒంటిచేత్తో వాయించే ప్రయత్నం చేశాడు. తప్పు నాదే, నేల చూడగలిగేది నేనొక్కడినే కదా. అప్పటినుంచి మా ట్రూపులో ఆకు విసరగానే తాళాలవాళ్ళలో ఒకరు చీపురు తీసుకుని వచ్చి, నవ్వుతూ, ఆటలో భాగంలా ఊడ్చేస్తారు. మీరు చేరాక మొదటి సీజన్‌లో ఆ చీపురు మీకే ఇస్తారు, తీసుకోండి.